నీడ పట్టున కూర్చునే ఉద్యోగం: పాడర్‌బోర్న్ నుంచి ఒక కుర్చీ చరిత్ర

ఈ ఎపిసోడ్ కుర్చీ గురించి. రోజుకు ఎనిమిది గంటలు మనల్ని మోస్తున్నా మనం ఒక్కసారి కూడా సరిగ్గా చూడని ఆ వస్తువు గురించే. ఆడియోలో గబగబా చెప్పేసిన సంగతుల్ని ఇక్కడ తీరిగ్గా, పేర్లతో, సంవత్సరాలతో రాస్తున్నాను. మధ్యాహ్నం బ్రేక్‌లోనో, రైల్లోనో చదువుకోండి. వీలైతే నిలబడి చదవండి!

ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం ఒక శ్రోత పంపిన మెసేజ్. "అన్నా, జర్మనీ వచ్చి ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. సాయంత్రానికి నడుం పట్టేస్తోంది. కుర్చీ మార్చమని అడగాలంటే సిగ్గుగా ఉంది. మా నాన్న ఎండలో నడుం వంచి పని చేసి నన్ను చదివించాడు. నేను నీడ పట్టున కూర్చుని నడుం నొప్పి అంటే ఏం బాగుంటుంది?"

ఇందులో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది నొప్పి కాదు, సిగ్గు. ఎందుకంటే ఆ సిగ్గు మనందరిలో ఉంది. మనూళ్లలో "నీడ పట్టున కూర్చుని చేసే ఉద్యోగం" అంటే అంతకు మించిన అదృష్టం లేదు. కూర్చోవడం అంటేనే విశ్రాంతి. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని సామెత కూడా ఉంది కదా. మరి కూర్చోవడమే పని అయినవాడు నొప్పి అని ఎవరితో చెప్పుకోవాలి? ఆ సిగ్గుకు ఒక చరిత్ర ఉంది. దాన్ని దాటి వచ్చినవాళ్ల చరిత్ర కూడా ఉంది. ఆ రెండో చరిత్రలో కొంత నేనున్న ఈ పాడర్‌బోర్న్ ఊళ్లోనే జరిగింది.

పీట మనది, కుర్చీ వచ్చింది

ముందు మాట దగ్గర మొదలుపెడదాం. "కుర్చీ" మన మాట కాదు. అరబ్బీలో "కుర్సీ", అక్కడి నుంచి ఫారసీ, ఉర్దూ మీదుగా మన దాకా వచ్చింది. మన మాటలు పీట, బల్ల, చాప, అరుగు. మన రాతగాళ్లు కుర్చీ లేకుండానే వందల ఏళ్లు రాశారు. కరణంగారు చాప మీద బాసిపట్టు వేసుకుని, ఎడమ చేతిలో తాటాకు, కుడి చేతిలో గంటం పట్టుకుని లెక్కలు రాసేవారు. కాగితం వచ్చాక ముందు ఏటవాలు రాతపెట్టె చేరింది. అంతే.

అలాగని పనికి తగ్గ ఆసనం అనే ఆలోచన మనకు లేదనుకోవద్దు. మంగళగిరిలోనో పోచంపల్లిలోనో గుంత మగ్గం చూసినవాళ్లకు తెలుస్తుంది. నేతగాడు గుంత అంచున కూర్చుంటాడు. కాళ్లు గుంతలోకి దిగి తొక్కుడు చెక్కల మీద ఆడుతుంటాయి. చేతులు నాడెను అటూ ఇటూ పంపుతుంటాయి. కూర్చునే చోటు ఎంత ఎత్తులో ఉండాలో, కాళ్లు ఎక్కడ ఆనాలో మగ్గమే చెబుతుంది. అక్కడ ఆసనం పనిముట్టులో ఒక భాగం. నేతపనిలో నడుం నొప్పి లేదని కాదు, చాలా ఉంది. కానీ అక్కడ కాళ్లూ చేతులూ కదులుతూనే ఉంటాయి. మన తెర ముందు పనిలో కదిలేవి పది వేళ్లు, రెండు కళ్లు. మిగతా ఒళ్లంతా కట్టేసినట్టు ఉండిపోతుంది. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మరి కుర్చీ మన దగ్గరికి ఎలా వచ్చింది? ఒంటికి సుఖంగా కాదు, హోదాగా వచ్చింది. బ్రిటిష్ వాళ్ల పాలనలో తెల్లదొర ముందు భారతీయుడు కూర్చోవాలంటే అదొక గౌరవం, దొర ఇవ్వాల్సిన గౌరవం. ఉత్తర భారతంలో దానికి "కుర్సీ నషీన్" అని పేరు. అంటే కుర్చీలో కూర్చునే అర్హత ఉన్నవాడని. దిల్లీ జిల్లాలో 1887లో ఈ అర్హతకు సర్టిఫికెట్లు కూడా ఇచ్చారు. ఫలానా ఆయన అధికారి ముందు కుర్చీలో కూర్చోవచ్చు అని కాగితం మీద సంతకం!

నవ్వొస్తుంది గానీ, ఆ వాసన ఇంకా పోలేదు. "కుర్చీ కోసం కొట్లాట" అంటే మనకు పదవే గుర్తొస్తుంది. ఆఫీసుల్లో వీపు ఎత్తుగా ఉన్న కుర్చీ మేనేజరుకు, చేతులు లేని కుర్చీ గుమాస్తాకు. కుర్చీ అంటే ఎవరో పైవాడు ఇచ్చేది, అడిగితే అత్యాశ అనిపించేది అని మన బుర్రలో అలా నాటుకుపోయింది.

రాతగాళ్ల రోగం

ఇటు యూరప్‌లో కథ ఇంకో దారిలో నడిచింది. 1700లో ఇటలీలోని మోడెనాలో బెర్నార్డినో రమజ్జిని అనే వైద్యుడు వృత్తుల వల్ల వచ్చే రోగాల మీద ఒక పుస్తకం వేశాడు. రోగిని చూసేటప్పుడు "నీ పనేంటి?" అని కూడా అడగాలని తోటి వైద్యులకు చెప్పినవాడు ఆయనే. 1713లో ఆ పుస్తకాన్ని పెంచి మళ్లీ వేసినప్పుడు రాతగాళ్లు, లేఖకుల గురించి ఒక భాగం చేర్చాడు. వాళ్ల బాధలకు మూడు కారణాలు చెప్పాడు: ఎప్పుడూ కూర్చునే ఉండటం, చేయి ఎడతెగకుండా ఒకేలా కదలడం, లెక్క తప్పకూడదనే ధ్యాసతో మనసు అలిసిపోవడం.

మూడొందల ఏళ్ల కిందటి మాట ఇది. ఇప్పుడు మన రోజును ఒకసారి చూసుకోండి. స్టాండప్ మీటింగ్ తప్ప అన్నీ కూర్చునే. చేతిలో మౌస్. నెత్తి మీద డెడ్‌లైన్. ఆ జాబితాలో ఏమైనా మారిందా?

"ఎర్గోనామిక్స్" అనే మాటను కూడా ఏ కుర్చీ కంపెనీవాళ్లో పుట్టించలేదు. 1857లో పోలండ్ శాస్త్రవేత్త వోయ్‌చెహ్ యాస్త్‌షెంబోవ్‌స్కీ గ్రీకు మాటలతో దాన్ని కూర్చాడు. ఎర్గోన్ అంటే పని, నోమోస్ అంటే నియమం. పని గురించిన శాస్త్రం అన్నమాట. మనిషిని పనికి తగ్గట్టు వంచడం కాదు, పనిని మనిషికి తగ్గట్టు మలచడం అనేది ఇప్పుడు దాని సారాంశం.

కుర్చీ విషయానికొస్తే, 1849లో అమెరికాలో థామస్ వారెన్ సీటు కింద స్ప్రింగులు పెట్టి, తిరిగే, ఒరిగే, కాళ్లకు చక్రాలున్న కుర్చీకి పేటెంటు తీసుకున్నాడు. 1851 లండన్ మహా ప్రదర్శనలో దాన్ని పెట్టారు కూడా. కానీ అది సామాన్య గుమాస్తా దాకా రాలేదు. గుమాస్తా కోసం కుర్చీ రావడానికి టైప్‌రైటర్ రావాల్సి వచ్చింది. టైపిస్టు, అంటే ఎక్కువగా అమ్మాయిలు, గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చుంటే వేగం తగ్గుతోందని యజమానులు గమనించారు. జర్మనీ, స్విట్జర్లాండ్ సరిహద్దులో రైన్ నదికి రెండు పక్కలా కుర్చీలు చేసే స్టోల్ కుటుంబం 1920ల్లో స్ప్రింగుతో తిరిగే ఆఫీసు కుర్చీని తెచ్చింది. దాని పేరే "ఫేడర్‌డ్రే". ఫేడర్ అంటే స్ప్రింగ్, డ్రే అంటే తిరిగేది.

ఇక్కడ ఒక మాట. మొదట్లో కుర్చీ మెరుగుపడింది పనివాడి మీద ప్రేమతో అని చెప్పలేం. పని వేగం కోసం. అది తప్పని నేను అనను. కానీ లెక్క అక్కడే ఆగిపోతే, వేగం తగ్గనంత వరకు నొప్పి ఎవరికీ పట్టదు. నొప్పినే లెక్కలోకి తేవడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది.

ఊరంతా బల్ల ముందు కూర్చున్న కాలం

ఇప్పుడు మా ఊరికి వద్దాం. పాడర్‌బోర్న్ చిన్న ఊరే, జనాభా లక్షన్నర. ఊరి మధ్యలో రెండొందల దాకా ఊటలు పుట్టి, కలిసి పాడర్ నది అవుతాయి. నాలుగు కిలోమీటర్లు పారి ఇంకో నదిలో కలిసిపోతుంది. ఇంత చిన్న ఊళ్లోకి మన తెలుగువాళ్లు చదువుకీ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకీ రావడానికి మూలం వెతికితే ఒక మనిషి దగ్గరికి చేరతాం. హైన్స్ నిక్స్‌డోర్ఫ్. 1925లో ఇక్కడే పుట్టాడు. 1952లో ఎస్సెన్ నగరంలో ఒక విద్యుత్ కంపెనీ నేలమాళిగలో చిన్న ల్యాబ్ పెట్టి, 1959లో దాన్ని సొంతూరికి తెచ్చుకున్నాడు.

అప్పట్లో కంప్యూటర్ అంటే గదంత యంత్రం. దానికో ప్రత్యేక విభాగం. ఆఫీసులో గుమాస్తా కాగితాలు కట్ట కట్టి అక్కడికి పంపితే, అక్కడ పంచ్ కార్డులు కొట్టి, లెక్క తేల్చి వెనక్కి పంపేవాళ్లు. నిక్స్‌డోర్ఫ్ ఆలోచన దీనికి ఎదురు. మనిషి యంత్రం దగ్గరికి వెళ్లడం కాదు, కంప్యూటరే మనిషి పనిచేసే చోటికి రావాలి. 1968లో వచ్చిన నిక్స్‌డోర్ఫ్ 820 అలాంటిదే. చూడటానికి టైప్‌రైటర్ బిగించిన ఆఫీసు బల్లలా ఉంటుంది. బ్యాంకుల్లో, దుకాణాల్లో, చిన్న చిన్న కంపెనీల్లో అది చేరింది. 1980ల మధ్యకి ఆ కంపెనీలో 20 వేలమందికి పైగా పనిచేసేవారు.

కంప్యూటర్ బల్ల మీదికి రావడం గొప్ప సౌకర్యమే. కానీ దాని ఇంకో ముఖం చూడండి. అంతకుముందు గుమాస్తా ఫైలు కోసం లేచేవాడు, బీరువా దాకా నడిచేవాడు, పక్క గదిలో సంతకం తెచ్చుకునేవాడు. ఇప్పుడు ఫైలు తెర మీదే ఉంది. లేవాల్సిన అవసరమే పోయింది. ఒళ్లు కదలడానికి ఉన్న సాకులన్నీ ఒక్కొక్కటే యంత్రంలోకి వెళ్లిపోయాయి.

ఆశ్చర్యం ఏంటంటే, హైన్స్ నిక్స్‌డోర్ఫ్ ఆటల పిచ్చి ఉన్న మనిషి. తన కంపెనీలో పని నేర్చుకునే కుర్రాళ్లకు శిక్షణలోనే వ్యాయామాన్ని భాగం చేశాడు. ఊళ్లో ఉన్న పెద్ద క్రీడా ప్రాంగణం ఆహోర్న్ స్పోర్ట్‌పార్క్ ఆయన చలవే. ఇప్పటికీ మనవాళ్లు అక్కడ ఆడుకోవడానికి వెళ్తుంటారు. మనుషుల్ని బల్ల ముందు కూర్చోబెట్టిన యంత్రం, వాళ్లను లేపి పరిగెత్తించిన మైదానం, రెండూ ఒకే మనిషి చేతి మీదుగా వచ్చాయి.

ఆయన 1986 మార్చిలో హనోవర్‌లో, సేబిట్ కంప్యూటర్ ప్రదర్శన జరుగుతుండగా చనిపోయాడు. కంపెనీ 1990లో సీమెన్స్ చేతికి వెళ్లింది. పాత ప్రధాన కార్యాలయంలో 1996 అక్టోబరులో హైన్స్ నిక్స్‌డోర్ఫ్ మ్యూజియమ్స్‌ఫోరుమ్ తెరిచారు. మట్టి పలకల మీద రాత నుంచి ఇప్పటి కంప్యూటర్ల దాకా 5000 ఏళ్ల కథ అక్కడుంది. వెళ్తే యంత్రాలతో పాటు పాత ఫొటోల్లో మనుషులు ఎలా కూర్చున్నారో కూడా చూడండి. నేను అదే చూస్తాను. యంత్రాలు మారుతూ వచ్చాయి, వంగిన మెడ మాత్రం అలాగే ఉంది.

వెన్నులో సూది పెట్టి చూశారు

నిక్స్‌డోర్ఫ్ యంత్రాలు బల్లలెక్కుతున్న ఆ కాలంలోనే వైద్యులు ఇంకో ప్రశ్న వేసుకున్నారు. కూర్చున్నప్పుడు వెన్ను లోపల అసలు ఏం జరుగుతోంది?

1960ల్లో స్వీడన్‌లో ఆల్ఫ్ నాకెమ్సన్ అనే వైద్యుడు బతికున్న మనుషుల వెన్ను డిస్కుల్లోకి సన్నటి సూది పంపి ఒత్తిడి కొలిచాడు. డిస్కు అంటే పూసకీ పూసకీ మధ్య ఉండే మెత్తటి దిండు లాంటిది. నిలబడినప్పటి కన్నా, ఆనుకోకుండా కూర్చున్నప్పుడు ఒత్తిడి ఎక్కువని తేలింది. 1970ల్లో స్వీడన్‌లోనే చేసిన కొలతల్లో, వీపు వెనక్కి వాల్చి, నడుం దగ్గర ఆసరా ఇస్తే ఒత్తిడి తగ్గుతుందని కూడా తేలింది. కుర్చీలో ఆ నడుం దగ్గరి ఉబ్బు అందం కోసం పెట్టింది కాదన్నమాట.

1999లో జర్మనీలోని ఉల్మ్‌లో హన్స్ యోఆఖిమ్ విల్కె బృందం ఇంకో అడుగు వేసింది. ఒక మనిషి నడుం డిస్కులో సెన్సర్ పెట్టి, రోజంతా అతను మామూలుగా తిరుగుతుంటే కొలిచింది. తేలికగా నిలబడితే 0.5 మెగాపాస్కల్. ఆనుకోకుండా మామూలుగా కూర్చుంటే 0.46. కుర్చీలో వెనక్కి జారగిలబడితే 0.27. ముందుకు బాగా వంగి కూర్చుంటే 0.83. ఇది ఒక్క మనిషి మీద చేసిన కొలతే. అయినా పాత నమ్మకాన్ని కొంచెం కదిలించింది. కూర్చోవడమే నిలబడటం కన్నా ఎప్పుడూ చెడ్డదని చెప్పలేం. ఎలా కూర్చున్నామన్నదే ముఖ్యం. ఆ ముందుకు వంగిన 0.83 ఎవరిదో తెలుసా? ల్యాప్‌టాప్ తెర కిందికుందని మెడ చాచి చూసే మనదే.

ఇంకో ఎదురు మాట కూడా చెప్పాలి. లండన్‌లో జెర్రీ మోరిస్ బృందం 1953లో డబుల్ డెక్కర్ బస్సుల డ్రైవర్లనీ కండక్టర్లనీ పోల్చి చూసింది. రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్ల కన్నా కూర్చుని నడిపే డ్రైవర్లలో గుండె జబ్బులు ఎక్కువగా కనిపించాయి. అంటే ఎంత ఖరీదైన కుర్చీ అయినా, కదలకుండా కూర్చుంటే వచ్చే నష్టాన్ని పూడ్చలేదు. వెయ్యి యూరోల కుర్చీ కొన్నాం కదా అని ఆరు గంటలు లేవకుండా కూర్చుంటే, వెయ్యి యూరోలు పెట్టి రోగాన్ని కొనుక్కున్నట్టే.

మరి మంచి కుర్చీ ఏం చేస్తుంది? మూడు పనులు. నడుం వంపు కూలిపోకుండా ఆసరా ఇస్తుంది. పాదాల మీద, తొడల మీద, వీపు మీద బరువు పంచుతుంది. కూర్చునే భంగిమ మార్చుకోనిస్తుంది. ఈ మూడోదే అసలైనది. గుంత మగ్గం దగ్గర గుర్తుపెట్టుకోమన్న తేడా ఇదే. మనం పోగొట్టుకున్న కదలికలో కొంతైనా తిరిగి ఇచ్చేదే మంచి కుర్చీ. అందుకే జర్మన్లు కూర్చోవడం గురించి ఒక మాట అంటుంటారు, తర్వాత కూర్చోబోయే తీరే అన్నిటికన్నా మంచి తీరు అని.

ముందు కూర్చునే హక్కు, తర్వాత సరిగ్గా కూర్చునే హక్కు

శాస్త్రం తెలిసినంత మాత్రాన కుర్చీ రాదు. ఎవరో అడగాలి. ఎవరో పోరాడాలి.

మొదట అడిగింది దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ల కోసం. రోజంతా నిలబెట్టి పని చేయించేవాళ్లు. బ్రిటన్‌లో 1899లో ఒక చట్టం వచ్చింది. దుకాణంలో ప్రతి ముగ్గురు మహిళా ఉద్యోగులకు ఒక ఆసనం ఉండాలని. జర్మనీలో 1900లో దుకాణ ఉద్యోగులకు ఆసనాలు పెట్టాలనే నియమం తెచ్చారు. ఇదంతా పాత కాలం కథ అనుకోకండి. మన పక్కనే కేరళలో బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్లు ఏళ్ల తరబడి పోరాడాక 2018లో గానీ కూర్చునే హక్కు చట్టంలోకి రాలేదు. తమిళనాడులో 2021లో వచ్చింది. గల్ఫ్‌లో సెక్యూరిటీ పనిలో, మాల్స్‌లో పన్నెండు గంటలు నిలబడే మన శ్రోతలకు ఈ కథ నేను చెప్పక్కర్లేదు.

బల్ల ముందు పనివాళ్లది రెండో పోరాటం. కూర్చోవడం ఎలాగూ ఉంది, సరిగ్గా కూర్చోవాలి. జర్మనీలో 1974లో ప్రభుత్వం "పని జీవితాన్ని మానవీయం చేయడం" అనే పేరుతో పెద్ద పరిశోధన కార్యక్రమం మొదలుపెట్టింది. 1978లో అచ్చు పనివాళ్లు కంప్యూటర్ టైప్‌సెట్టింగ్ మీద సమ్మె చేశారు. ఉద్యోగాలు పోతాయన్న భయంతో పాటు, తెర ముందు పని ఎలా ఉండాలన్న ప్రశ్న కూడా అప్పుడే బయటికొచ్చింది.

చివరికి 1990 మేలో యూరోపియన్ కమ్యూనిటీ తెర ముందు పని మీద ఒక ఆదేశం జారీ చేసింది, 90/270 నంబరుతో. అందులో కుర్చీ గురించి నాలుగు ముక్కలున్నాయి. కుర్చీ తూలకుండా ఉండాలి, మనిషి సులువుగా కదలగలగాలి. సీటు ఎత్తు మార్చుకునేలా ఉండాలి. వీపు ఆనించే భాగం ఎత్తూ, వాలూ రెండూ మార్చుకునేలా ఉండాలి. కోరినవాళ్లకు పాదాలు పెట్టుకునే పీట ఇవ్వాలి. చూశారా, మన పీట యూరప్ చట్టంలోకి ఎక్కింది! పొట్టిగా ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఇక్కడి బల్లలు పొడుగైన మనుషుల కొలతతో చేసినవి. సీటు పైకి లేపితే పాదాలు గాల్లో, కిందికి దించితే మోచేతులు గాల్లో. ఆ పీట అడగడం గొంతెమ్మ కోరిక కాదు, చట్టంలో ఉన్న మాటే.

జర్మనీ ఆ ఆదేశాన్ని 1996 డిసెంబరులో తన చట్టంగా మార్చుకుంది. అంటే మా ఊళ్లో కంప్యూటర్ మ్యూజియం తెరిచిన రెండు నెలలకే. 2016లో ఆ నియమాల్ని పనిచేసే చోట్ల మీదున్న పెద్ద చట్టంలో కలిపేశారు. బ్రిటన్‌లో ఉన్న శ్రోతలకు, ఇదే ఆదేశం నుంచి 1992లో పుట్టిన నియమాలు మీ దగ్గరా ఉన్నాయి.

మనం ఈ వరుసలో ఎక్కడ చేరాం

1998 నవంబరులో హైదరాబాద్‌లో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. 2000 ఫిబ్రవరిలో జర్మన్ ఛాన్సలర్ గెర్హార్డ్ ష్రోడర్ అదే హనోవర్ సేబిట్‌లో విదేశీ కంప్యూటర్ నిపుణులకు "గ్రీన్ కార్డ్" ప్రకటించాడు. ఆగస్టులో అది అమల్లోకి వచ్చింది, 20 వేలమంది దాకా. ఆ ఏడాది మా పాడర్‌బోర్న్ ఉన్న నార్త్ రైన్ వెస్ట్‌ఫేలియా రాష్ట్ర ఎన్నికల్లో, ఇండియన్లను తెచ్చుకోవడం బదులు మన పిల్లలకు నేర్పుకుందాం అనే అర్థంలో ఒక నినాదం కూడా నడిచింది. 2012లో బ్లూ కార్డ్ వచ్చింది. అలా ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చినవాళ్లం మనం. వచ్చిన చోట మనల్ని వద్దన్నవాళ్లూ ఉన్నారని తెలిసినవాడికి నోరు లేవదు. "వీసా వాళ్ల చేతిలో, కుర్చీ గురించి గొడవెందుకు?" అనుకుంటాం.

అందుకే కొన్ని సంగతులు తెలిసి ఉండాలి. జర్మనీలో 1996 నాటి కార్మిక రక్షణ చట్టం ప్రకారం, పని వల్ల ఒంటికీ మనసుకీ వచ్చే ప్రమాదాల్ని యజమానే అంచనా వేయాలి. దాన్ని ఇక్కడ "గెఫేర్‌డుంగ్స్ బెఉర్టైలుంగ్" అంటారు. రక్షణ ఏర్పాట్ల ఖర్చు ఉద్యోగి మీద వేయకూడదు. మెరుగుదల కోసం సూచన చేసే హక్కు ఉద్యోగికి ఉంది, దానికి పాస్‌పోర్టు రంగుతో పని లేదు.

రెండోది, "బెట్రీబ్స్‌రాట్". అంటే ఉద్యోగులు ఎన్నుకున్న మండలి. కనీసం ఐదుగురు శాశ్వత ఉద్యోగులున్న చోట దాన్ని ఏర్పాటు చేసుకోవచ్చు. ఆరోగ్య నియమాల విషయంలో దానికి యజమానితో కలిసి నిర్ణయించే అధికారం ఉంది. 1972 నాటి చట్టం విదేశీ పనివాళ్లకు కూడా అందులో పోటీ చేసే హక్కు ఇచ్చింది. టర్కీ నుంచి, యుగోస్లావియా నుంచి వచ్చి ఫ్యాక్టరీల్లో నడుం వంచినవాళ్లు ఆ తలుపులోంచి లోపలికొచ్చారు. మనకు ముందు వచ్చిన వలసజీవులు తెరిచి పెట్టిన తలుపు అది.

ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ల భయం నిజమైనదే. ఆ ఆరు నెలల్లో ఉద్యోగ రక్షణ బలహీనం. కాబట్టి ఫిర్యాదులా కాకుండా పని మాటగా అడగండి. "ఈ కుర్చీ నా ఎత్తుకు సర్దుకోవడం లేదు, ఎవరైనా వచ్చి చూస్తారా?" అని రెండు వాక్యాల మెయిల్ చాలు. కంపెనీ వైద్యుడు, "బెట్రీబ్స్‌ఆర్ట్స్‌ట్", ఉంటే ఆయన దగ్గరికి వెళ్లండి. మీరు చెప్పిన నొప్పి వివరాలు ఆయన యజమానికి చెప్పకూడదు.

నొప్పి ముదిరి, మామూలు కుర్చీతో పని చేయలేని స్థితి వస్తే, వైద్యుడి కాగితంతో ప్రత్యేక కుర్చీకి సాయం కోరవచ్చు. 15 ఏళ్లు పెన్షన్ బీమా కట్టినవాళ్లు "డోయిచె రెంటెన్ ఫెర్‌జిఖెరుంగ్"కి, అంతకన్నా తక్కువైతే సాధారణంగా ఉపాధి కార్యాలయానికి దరఖాస్తు పెట్టాలి. కొన్నాక కాదు, కొనకముందే.

ఇంటి నుంచి పని చేసేవాళ్లకు ఒక మెలిక ఉంది. 2016 నియమాల్లో "టేలెఆర్బైట్" అంటే, ఒప్పందం చేసుకుని యజమానే మీ ఇంట్లో బల్లా కుర్చీ ఏర్పాటు చేసే పద్ధతి. "మొబైల్ పని" అని ఒప్పందంలో రాసి ఉంటే ఆ ఏర్పాటు బాధ్యత అలా వర్తించదు. మీ కాంట్రాక్టులో ఏ మాట ఉందో ఒకసారి చూడండి. పని కోసం సొంత డబ్బుతో కుర్చీ కొంటే బిల్లు దాచుకోండి, పన్ను లెక్కల్లో పనిముట్టు కింద చూపించవచ్చు.

ఉన్న కుర్చీని సర్దుకోవడం

కొత్తది వచ్చేలోపు ఉన్నదాని మీటలు తిప్పి చూడండి. చాలామంది కుర్చీ కింద మీటల్ని ఏళ్ల తరబడి ముట్టుకోరు.

పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి. ఆనకపోతే పీట వేసుకోండి. పిర్రలు సీటు వెనక దాకా జరగాలి. సీటు ముందు అంచుకీ మోకాలి వెనక భాగానికీ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. ఆసరా ఉబ్బు బెల్టు పెట్టుకునే చోటికి కాస్త పైన తగలాలి. చేతుల ఆసరా మోచేతి ఎత్తులో ఉండి, భుజాలు పైకి లేవకుండా చూసుకోండి. వీపు భాగాన్ని బిగించేయకండి. మీ బరువుకు తగ్గట్టు స్ప్రింగు సర్దుకుని, ఒరిగేలా వదిలేయండి. ల్యాప్‌టాప్‌ను నాలుగు పుస్తకాల మీద పెట్టి, విడిగా కీబోర్డు పెట్టుకోండి. ఫోన్ వస్తే లేచి మాట్లాడండి. నీళ్ల సీసా దూరంగా పెట్టుకోండి, లేవడానికి ఒక సాకు దొరుకుతుంది. కాలు తిమ్మిరెక్కడం, పట్టు తప్పడం లాంటివి ఉంటే మాత్రం కుర్చీ సంగతి పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మెసేజ్ పెట్టిన తమ్ముడికి నేను చెప్పిన మాట ఇదే. మీ నాన్నగారు పలుగు పిడి వదులైతే బిగించుకోకుండా పొలంలోకి దిగేవారా? ఎద్దు మెడ మీద కాడి ఒరిసి పుండు పడితే చూస్తూ ఊరుకునేవారా? పనిముట్టు సరిగ్గా ఉండాలనడం సోమరితనం అని మనూళ్లలో ఎవరూ అనలేదు. కుర్చీ మీ పనిముట్టు. ఎవరో దయతలచి ఇచ్చే సర్టిఫికెట్ కాదు.

వచ్చే ఎపిసోడ్‌లో కళ్ల సంగతి చూద్దాం. తెర ముందు పనిచేసేవాళ్లకు కంటి పరీక్ష చేయిస్తామని యజమాని ఎందుకు ముందుకు రావాలో, ఆ నియమం ఎక్కడి నుంచి వచ్చిందో మాట్లాడుకుందాం. మీ ఆఫీసులో కుర్చీ అడిగితే ఏం జరిగిందో రాసి పంపండి, కంపెనీ పేరు అక్కర్లేదు. ఉంటాను. ఇప్పుడు ఒకసారి లేచి నిలబడండి.